తీసేసిన మిక్సర్‌తో కట్టిన స్టూడియో: కింగ్ టబ్బీ కథ



మొన్న హాస్టల్లో చదువుకునే ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అన్నా, పాట రాసుకున్నాం. డప్పు ఉంది, గొంతు ఉంది. స్టూడియోవాళ్లు గంటకు అడిగే రేటు వింటే గుండె ఆగిపోయింది. మా గదిలోనే గోడలకు కోడిగుడ్ల అట్టలు అంటించి రికార్డు చేద్దామనుకుంటున్నాం, అవుతుందా?" అన్నాడు. అవుతుందని చెప్పాను. ఎట్లా అవుతుందో ఫోన్లో చెప్పలేకపోయాను. అందుకే ఈ భాగం రాస్తున్నాను. ఇది మన ఊరి కథ కాదు, జమైకా కథ. కానీ చదివాక మీరు ఎవరి చేతులు గుర్తు చేసుకుంటారో నాకు తెలుసు.

జమైకాలో ఎక్కువమంది ఆఫ్రికా నుంచి బానిసలుగా పట్టుకొచ్చిన వాళ్ల వారసులు. చెరకు తోటల కాలంలో బానిసలు డ్రమ్ము కొట్టకూడదని తెల్లదొరలు చట్టాలు చేశారు. ఆ మోతలో తిరుగుబాటు కబురు పోతుందని వాళ్ల భయం. 1838కి బానిసత్వం పూర్తిగా పోయింది. 1962లో దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది. పాట రికార్డు చేసే యంత్రాలు మాత్రం కొద్దిమంది యజమానుల చేతుల్లోనే ఉండిపోయాయి. పాడేవాడు, వాయించేవాడు బస్తీ నుంచి వచ్చి, ఆ పూట కూలి తీసుకుని వెళ్లిపోతాడు. టేపు యజమాని బీరువాలో ఉంటుంది.

బస్తీ జనం దీనికి ఒక దారి వెతుక్కున్నారు. దాని పేరు సౌండ్ సిస్టమ్. మనిషెత్తు స్పీకర్ పెట్టెలు, యాంప్లిఫయర్, రికార్డులు తిప్పే యంత్రం తెచ్చి వీధిలోనో ఖాళీ స్థలంలోనో పెట్టి రాత్రంతా పాటలు వేస్తారు. ఈ సిస్టమ్‌లు కాలిపోతుంటాయి, చెడిపోతుంటాయి. వాటిని బాగుచేసే మనిషి కావాలి.

అట్లా బాగుచేసే మనిషే ఓస్‌బోర్న్ రడ్డాక్. 1941లో కింగ్‌స్టన్‌లో పుట్టాడు. జనం పిలిచే పేరు కింగ్ టబ్బీ. రేడియోలు, యాంప్లిఫయర్లు రిపేరు చేసేవాడు. ట్రాన్స్‌ఫార్మర్లకు రాగితీగ చుట్టేవాడు. 1960ల చివర తన సొంత సౌండ్ సిస్టమ్ పెట్టాడు, పేరు హోమ్‌టౌన్ హైఫై. అదే కాలంలో డ్యూక్ రీడ్ అనే నిర్మాత దగ్గర రికార్డు పళ్లేల మీద పాట గాడి కోసే పని కూడా చేశాడు.

ఆ రోజుల్లోనే డ్యూక్ రీడ్ స్టూడియోలో ఒక పొరపాటు జరిగింది. ఒక సౌండ్ సిస్టమ్ యజమాని కోసం పళ్లెం కోస్తూ బైరన్ స్మిత్ అనే ఇంజనీరు గొంతు ఉన్న ట్రాకు పెట్టడం మర్చిపోయాడు. గొంతు లేని ఆ పళ్లెం రాత్రి వీధిలో వేస్తే జనం తామే పాడేశారు! అప్పట్నుంచి రికార్డుకు ఒకవైపు పాట, రెండోవైపు గొంతు తీసేసిన సంగీతం వేయడం మొదలైంది. రెండోవైపుకు "వెర్షన్" అని పేరు. ఆ ఖాళీలో మైకు పట్టుకుని మాట కట్టేవాళ్లు పుట్టారు. టబ్బీ సిస్టమ్ మీద అట్లా మాట కట్టిన యూ-రాయ్ పాటలు 1970లో జమైకా జాబితాలో మొదటి మూడు స్థానాలూ పట్టుకున్నాయి. కింగ్‌స్టన్‌లో ఈ సౌండ్ సిస్టమ్‌ల మోత వింటూ పెరిగిన కూల్ హెర్క్ న్యూయార్క్‌కు వెళ్లి 1973లో పెట్టిన పార్టీ దగ్గరే హిప్‌హాప్ చరిత్ర మొదలైందంటారు. ఇవాళ మన పిల్లలు రాసే ర్యాప్‌కు ఆ దారిలో ఒక చుట్టరికం ఉంది.

ఇక స్టూడియో సంగతి.

కింగ్‌స్టన్‌లో వాటర్‌హౌస్ అనే పేదల బస్తీ ఉంది. అక్కడ డ్రొమిలీ ఎవెన్యూలో 18వ నంబరు ఇల్లు. డైనమిక్ సౌండ్స్ అనే పెద్ద స్టూడియో 1970ల మొదట్లో పదహారు ట్రాకుల యంత్రాలకు మారింది. పాత నాలుగు ట్రాకుల మిక్సర్ వాళ్లకు అక్కర్లేకుండా పోయింది. నిర్మాత బన్నీ లీ మధ్యవర్తిగా బేరం కుదిరింది. పెద్దవాళ్లు తీసేసిన ఆ మిక్సర్ బస్తీలో ముందుగదికి వచ్చింది. టబ్బీ దాన్ని విప్పి తనకు కావాల్సినట్టు మార్చుకున్నాడు. పాడేవాడు నిలబడటానికి వేరే గది లేదు. ఇంట్లో బాత్‌రూమ్‌నే గొంతు రికార్డు చేసే గదిగా మార్చాడు.

ఆ ఇంట్లో వాయిద్యకారుల బృందం పట్టదు. డ్రమ్ములు, బేస్, గిటార్ వేరే పెద్ద స్టూడియోలో రికార్డయి, టేపు రూపంలో ఇక్కడికి వచ్చేవి. టబ్బీ చేతిలో ఉన్నది ఆ టేపు, ఆ నాలుగు మీటలే. సాధారణంగా ఒక ట్రాకులో డ్రమ్ము-బేస్, ఇంకోదాంట్లో గిటార్-కీబోర్డు, మరోదాంట్లో బూరలు, చివరిదాంట్లో గొంతు ఉంటాయి. ఆయన గొంతును ఒక్క మాట దగ్గర కోసేసేవాడు. ఆ మాటను ఎకో యంత్రంలోకి వదిలితే అది అలలు అలలుగా దూరం పోయేది. గిటార్ ఒక్కసారి మెరిసి మాయమయ్యేది. చివరికి డ్రమ్ము, బేస్ మాత్రమే మిగిలేవి. దీన్నే "డబ్" అన్నారు.

ఈ ఎకో పని తీరు చాలా సులువు. టేపు యంత్రంలో శబ్దం రాసే హెడ్డు ఒకటి, చదివే హెడ్డు ఇంకొకటి. రెంటికీ మధ్య కాస్త దూరం ఉంటుంది. రాసిన శబ్దం ఆ దూరం దాటి చదివే హెడ్డును చేరేసరికి లిప్తపాటు ఆలస్యమవుతుంది. ఆలస్యంగా వచ్చిన శబ్దాన్నే మళ్లీ రాసే హెడ్డుకు పంపితే అదే మాట మళ్లీ మళ్లీ వస్తుంది. ప్రతిధ్వని కోసం ఇంకో పెట్టె, అందులో స్ప్రింగులు. ఆ పెట్టెను చేత్తో కొడితే ఉరుము పడ్డట్టు మోగుతుంది. ఆ మోతనూ ఆయన పాటలో కలిపాడు. మిక్సర్ మీద ఒక పెద్ద గుండీ, తిప్పుతుంటే మెట్టు మెట్టుగా కింది శబ్దాలన్నీ రాలిపోయి తాళాల చప్పుడు మాత్రం గాలిలో ఈలలా తేలుతుంది. ఇతర ఇంజనీర్లు శబ్దాన్ని శుభ్రం చేయడానికి వాడే గుండీ అది. ఆయన దాన్ని వాద్యంలా వాయించాడు.

వైరు ఎక్కడ నుంచి ఎక్కడికి పోతుందో తెలిసినవాడు కాబట్టే ఇది సాధ్యమైంది. రిపేరు పని తెలిసిన చేయి సంగీతం చేసింది. అందరూ కింది పని అనుకున్న పని అది!

ఇంకో విషయం. ఆ విద్యను ఆయన దాచుకోలేదు. యాంప్లిఫయర్‌కు ట్రాన్స్‌ఫార్మర్లు కావాలని వచ్చిన హోప్‌టన్ బ్రౌన్ అనే కుర్రాడు అక్కడే పని నేర్చుకుని సైంటిస్ట్ అనే పేరుతో ప్రసిద్ధుడయ్యాడు. లాయిడ్ జేమ్స్ అనే శిష్యుడు ముందు ప్రిన్స్ జామీ, తర్వాత కింగ్ జామీ అయ్యాడు. 1985లో క్యాసియో కంపెనీ చిన్న కీబోర్డులో ముందే ఉన్న ఒక తాళం మీద వేన్ స్మిత్ చేత "అండర్ మీ స్లెంగ్ టెంగ్" పాడించి జమైకా సంగీతాన్నే మలుపు తిప్పాడు. అది కూడా వాటర్‌హౌస్ నుంచే.

మిత్రులారా, ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. ఈ కథను పేదరికం గొప్పదని చెప్పడానికి రాయడం లేదు. టబ్బీ పాత మిక్సర్ కొన్నది కొత్తది కొనే స్తోమత లేక. మనవాళ్లు అతుకులతో బతకడం చూసి "ఎంత తెలివి!" అని మెచ్చుకునే వాళ్లు ఎప్పుడూ ఉంటారు. కొత్త మిక్సర్ మనకెందుకు లేదని మాత్రం వాళ్లు అడగరు.

రెండో సంగతి ఇంకా కష్టమైనది. 1976లో అగస్టస్ పాబ్లో పేరు మీద వచ్చిన ఆల్బమ్‌కు "కింగ్ టబ్బీ మీట్స్ రాకర్స్ అప్‌టౌన్" అని పేరు పెట్టారు. మిక్సర్ దగ్గర కూర్చున్న మనిషి పేరు అట్ట మీదికి వచ్చింది! ఇది చిన్న విజయం కాదు. కానీ అక్కడి పద్ధతిలో డ్రమ్ము, బేస్ వాయించిన వాళ్లకు ఒకసారి కూలి ఇచ్చి, అదే టేపు మీద ఎన్నో పాటలు, ఎన్నో వెర్షన్లు చేసి అమ్ముకున్నారు. ఒక చేయికి పేరు వచ్చింది, పక్కనున్న చేతులు మళ్లీ చీకట్లోనే మిగిలాయి. పోరాడి గెలిచిన చోట కూడా మనం ఎవరిని మర్చిపోతున్నామో చూసుకోవాలి.

1989 ఫిబ్రవరి 6న టబ్బీని ఆయన ఇంటి ముందే ఎవరో కాల్చి చంపారు. హంతకులెవరో తేలలేదు. ఆ మిక్సర్‌ను తర్వాత అమెరికాలో సియాటిల్ మ్యూజియంలో ప్రదర్శనకు పెట్టారు.

తమ్ముడూ, ఇప్పుడు నీ గది సంగతి. కోడిగుడ్ల అట్టలు బయటి మోతను ఆపవు. మోతను ఆపేది బరువు. తలుపు సందులు, కిటికీ సందులు మూసెయ్యి. గదిలో శబ్దం గోడలకు కొట్టుకుని తిరగకుండా పాత బొంతలు, పరుపులు గోడకు కాస్త ఎడంగా వేలాడదీయి. కూల్చిన ఇంటి తలుపు చెక్క దొరికితే ఇంకా మంచిది, సందు లేకుండా బిగించడానికి వడ్రంగం తెలిసిన మనిషిని పిలువు. మైకు, వైర్ల కోసం సెల్‌ఫోన్ రిపేరు కొట్టులో కూర్చునే మన పిల్లవాణ్ని పిలువు. పాత సామాను తక్కువకే దొరుకుతుంది. పని తెలిసిన మనిషికి మాత్రం కూలి సరిగా ఇవ్వు, మనవాడే కదా అని ఎగ్గొట్టకు.

పాట విడుదల చేసేటప్పుడు కింద పేర్లు రాయి. పాడినవాళ్లవే కాదు. డప్పుకు తోలు బిగించిన పెద్దాయన, తలుపు బిగించిన వడ్రంగి, వైరు అతికిన కుర్రాడు, బొంతలు ఇచ్చిన పెద్దమ్మ, అందరి పేర్లూ రాయి. డప్పు కొట్టినవాడి పేరు రాయకుండా మన ఊళ్లల్లో ఎన్ని తరాలు పెళ్లిళ్లు, చావులు జరిగాయో నీకు తెలుసు. నీ స్టూడియోలో అది మళ్లీ జరగకూడదు.

మిగతాది వచ్చే భాగంలో.

జై భీమ్.