సాలార్ జంగు, ఆయన సహాధికారి

సుల్తాన్ బజారు అను పేరు అంత ప్రాచీనమేమీ కాదు. 1933లో ఆంగ్లేయులు ఈ అంగళ్ళ ప్రాంతమును నిజాముకు తిరిగి అప్పగించువరకు ఇది రెసిడెన్సీ బజారు. ప్రక్కనే కోఠీలో, మహిళా కళాశాలగా నగరవాసులెరిగిన ఉన్నతస్తంభముల సౌధమే నాటి రెసిడెంటు నివాసము. 1877లో దివాను ప్రక్కన ఎవరు కూర్చుండవలెనను ఆజ్ఞ ఆ రెసిడెంటు ద్వారానే వచ్చినది.

ఆ దివాను మొదటి సాలార్ జంగు, మీర్ తురాబ్ అలీ ఖాన్. 1853లో ఇరువదినాలుగేండ్ల ప్రాయమున, ఋణభారముతో క్రుంగిన సంస్థానమును చేపట్టినవాడు. 1865 నాటి జిల్లాబందీ ఆయన చేసినదే. 1869లో, మూడేండ్లు నిండని మహబూబ్ అలీ ఖాన్ నిజాము కాగా, పాయిగా వంశీయుడగు షంసుల్ ఉమ్రాతో కలిసి రాజప్రతినిధిగా పాలించెను. 1877లో షంసుల్ ఉమ్రా గతించెను. ఆ స్థానమునకు వికారుల్ ఉమ్రా రషీదుద్దీన్ ఖాన్ పేరు వచ్చినది. ఆయన సాలార్ జంగుకు చిరవిరోధి. ఇంగ్లండు వరకు వెళ్ళివచ్చి బేరారును తిరిగి ఇమ్మని అడుగుచున్న దివానుపై కినిసిన లార్డు లిట్టన్ ప్రభుత్వము, రెసిడెంటు రిచర్డ్ మీడ్ ద్వారా ఆ విరోధినే నియమించెను.

ఒకే గర్భగృహమున పొసగనివానితో వంతులు పంచుకొని అర్చన చేసినవారికి ఈ సంకటము విడమరచి చెప్పనక్కరలేదు. వారి మధ్య మాటలున్నను లేకున్నను నైవేద్యము వేళకు జరుగవలెను.

సాలార్ జంగు మౌనముగా తలవంచెననుట సరికాదు. గట్టిగా అభ్యంతరపెట్టెను. నియామకము తన చేతిలో లేదని తేలిన పిమ్మట అంగీకరించెను. అలిగి పదవి విడువలేదు. దీనిని వైరాగ్యమనుటకు నాకు మనసొప్పదు. ఆయన సన్న్యాసి కాడు, రాజకీయవేత్త. గీతలో అధికారమనగా పదవి కాదు. కర్మయందు మనకు గల అర్హత. ఆ అర్హతకొక హద్దున్నది. ప్రక్కవాని స్వభావమును మార్చబోయి మనము ఆ హద్దు దాటుదుము. అది మారలేదని అలిగి, హద్దు లోపలి పనిని కూడ మానుకొందుము. ఈ రెండవదే ఎక్కువ నష్టమని నా అభిప్రాయము. ఆ రోజుల్లో దివాను అలిగియుంటే, బాలనిజాము పక్షమున మాటాడుటకు ఆయనంత అనుభవజ్ఞుడు లేడు.

1881లో రషీదుద్దీన్ ఖాన్ మరణించెను. ఇది ఓర్పునకు లభించిన ఫలమనుకొనరాదు. సాలార్ జంగు ఒంటరిగా పాలించినది ఏడాది పైచిలుకు మాత్రమే. 1883 ఫిబ్రవరి 8న కలరాతో గతించెను. బేరారు తిరిగి రాలేదు. 1902లో అది శాశ్వత కౌలుగా ఆంగ్లేయుల వశమైనది.