లాటిను వ్యాకరణము – ఆస్కము చూపిన త్రోవ

1563వ సంవత్సరము డిసెంబరు 10వ తేదీన ఎలిజబెత్తు రాణి విండ్సరు కోటలో విడిసియుండెను. లండను నగరమున మహామారి ప్రబలియుండిన దినములవి. ఆనాడు మంత్రి విలియం సెసిలు గదిలో కొందరు పెద్దలు భోజనమునకు కూర్చుండగా, ఈటన్ పాఠశాల విద్యార్థులు పలువురు దెబ్బలకు జడిసి పారిపోయిరని సెసిలు ఒక వార్త చెప్పెను. వెంటనే వాదము పుట్టినది. బెత్తము లేనిదే చదువు రాదని ఒకరనిరి. బడి భయమునకు చోటు కారాదని మరియొకరనిరి. ఆనాటి గురువులలో మేటియైనవాడే అందరికంటె నెక్కువగా కొట్టువాడని వేరొకరు చెప్పిరి. ఆ గురువునకు మంచి శిష్యులు దొరకినచో అది వారి బుద్ధిబలమే గాని బెత్తపు మహిమ కాదని రోజర్ ఆస్కము బదులు పలికెను. ఈ ఆస్కము 1548లో రాకుమారి ఎలిజబెత్తునకు గురువుగా నియమింపబడి, ఆమెకు గ్రీకు, లాటిను భాషలు చెప్పినవాడు.

ఆ పంక్తిలో రిచర్డు సాక్విల్లు అను ప్రభువు మాత్రము నోరు మెదపలేదు. భోజనానంతరము ఆయన ఆస్కమును ప్రక్కకు పిలిచి, పదునాలుగేండ్లయిన నిండకమునుపే ఒక బుద్ధిహీనుడగు గురువు దెబ్బల భయముచే తనకు విద్యపై ప్రేమ లేకుండ చేసెనని వాపోయెను. తన గతి తన మనుమనికి పట్టకూడదనియు, చదువు చెప్పు పద్ధతిని వ్రాసియిమ్మనియు వేడెను. ఆస్కము వ్రాసిన ‘స్కూల్ మాస్టర్’ అను గ్రంథమునకు పుట్టుక అదియే. 1568లో గ్రంథకర్త మరణించెను. 1570లో ఆయన భార్య దానిని ప్రకటింపించెను.

ఇంతకు ఆ దెబ్బలు దేనికొరకు? ముఖ్యముగా లాటిను వ్యాకరణముకొరకే. లిల్లీ పేర వెలసిన వ్యాకరణమును ఎనిమిదవ హెన్రీ రాజు శాసనపూర్వకముగా బడులలో నెలకొల్పెను. బాలురు సూత్రములను, రూపములను వల్లించి, ఆపైని ఇంగ్లీషు వాక్యములను తమకు తోచిన లాటినులోనికి మార్చవలసియుండెను. మంచి లాటిను ఎట్లుండునో ఎరుగకమునుపే వారు లాటిను వ్రాయవలసి వచ్చెను. తప్పులు రాక మానునా? తప్పు వచ్చినచో బెత్తము సిద్ధము.

ఆస్కము వ్యాకరణమును త్రోసివేయలేదు. భాషాభాగములను, కర్తకు క్రియతోను, విశేష్యమునకు విశేషణముతోను గల పొందికను మొదట నేర్పుమనెను. అటుపిమ్మట సిసిరో వ్రాసిన యొక చిన్నలేఖను గురువు చదివి, భావము చెప్పి, ప్రతి పదమునకు అన్వయము చూపవలెను. శిష్యుడు దానిని తిరిగి చెప్పి, ఒక కాగితపు పుస్తకములో ఇంగ్లీషున వ్రాయవలెను. అప్పుడు గురువు మూలమును తీసికొని, కనీసము గంటసేపు ఆగి, ఆ ఇంగ్లీషును మరల లాటినులోనికి రెండవ పుస్తకములో వ్రాయింపవలెను. తుదకు సిసిరో వాక్యమును, శిష్యుని వాక్యమును ప్రక్కప్రక్కన పెట్టి చూడవలెను. బాగున్నచోట మెచ్చుకొనవలెను, తప్పినచోట కసరక, సిసిరో ఈ విభక్తిని, ఈ పదమును వాడియుండునని చూపవలెను. ఇక్కడ తప్పు దిద్దువాడు సిసిరోయే. గురువు ఇరువురికి నడుమ మధ్యవర్తి మాత్రమే. ఇక బెత్తమునకు పని యేమున్నది?

ఈ పద్ధతి కేవలము దయకొరకు పుట్టినది కాదు. వ్యాకరణమును నిజముగా మననము చేయించునది ఇదియే. ఒక్క యుదాహరణము చాలును. ‘ఉర్బె కప్తా’ అను రెండు లాటిను మాటలలో ‘ఉర్బె’ అనగా నగరము, ‘కప్తా’ అనగా పట్టుబడినది; రెండును ‘అబ్లటివ్’ అను విభక్తిలో నున్నవి. సంస్కృతము చదివినవారికి వెంటనే ‘నగరే గృహీతే’ అను సతి సప్తమి స్ఫురించును. సంస్కృతమున సప్తమి చేయు పనిని ఇక్కడ అబ్లటివ్ చేయుచున్నది. తెలుగున ‘నగరము పట్టుబడగా’ అన్నచో సరిపోవును. ఇంగ్లీషు బాలుడు మాత్రము చిక్కున పడును. పట్టుబడిన తరువాతనా, పట్టుబడినందుననా, పట్టుబడినప్పటికినా? మూలము వివరింపదు, ముందువెనుకల సందర్భమే తేల్చవలెను. తన భాషలో నిర్ణయించి వ్రాసినవాడు గంట గడచిన పిదప మరల లాటినునకు పోవునపుడు, ఆ పెద్దవాక్యము రెండు మాటలలో నెట్లు ఇమిడినదో కనుగొనును. ఆ సూత్రము వానికిక మరపునకు రాదు. నూరుమారులు వల్లించినను కలుగని జ్ఞానమిది.

కాని బడులు ఈ త్రోవను చాలకాలము మరచినవి. 19వ శతాబ్దమున కెన్నెడీ పండితుని లాటిను ప్రవేశిక (1866) పట్టికలతోను, లింగనియమముల పద్యములతోను తరతరముల బాలుర నోట నాడినది. పుస్తకము చెడ్డది కాదు. కాని అనేకులకు చదువు ఆ పట్టికలతోనే ముగిసి, సిసిరో దర్శనమే కాలేదు. 1960లో ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయములు ప్రవేశమునకు లాటిను నిర్బంధము కాదని తీర్మానించినవి. నిర్బంధము తొలగగానే బడులలో ఆ భాషను చదువువారు తగ్గిరి. ప్రేమ పుట్టింపని చదువు నిర్బంధమున్నంతవరకే నిలుచును.

ఇది పరుల కథయని మనము నవ్వుకొనరాదు. రామశబ్దమును గడగడ యప్పగించిన బాలుడు శ్లోకములో ‘రామాత్’ అను రూపము కనబడగానే తెల్లబోవుట సంస్కృతపు తరగతులలో నేను చూచినదే. అట్టివానిపై చేయి చేసికొన్న పాపము నాకును కలదు. నాడు నేను దండించినది వాని అజ్ఞానమును గాదు, నా బోధనలోని లోపమును. తరువాత ఆస్కము చెప్పినట్లు రెండు పుస్తకములు చేతికిచ్చి, హితోపదేశములోని చిన్నకథను తెలుగున వ్రాయించి, మరునాడు దానిని సంస్కృతమునకు మరలింప జేసితిని. తప్పులు తగ్గలేదు, కాని మూలముతో పోల్చుకొని తమ తప్పులను తామే వెదకుకొను ఉత్సాహము పిల్లలలో పుట్టినది. ఉపాధ్యాయునకు అంతకంటె కావలసినదేమి?

సాక్విల్లు ప్రభువు ఆనాడు పంక్తిలో మౌనముగా కూర్చుండెను. మన తరగతులలో వెనుకబల్లపై అట్లే మౌనముగా కూర్చున్న బాలుని మనస్సులో ఏ విద్యపై విముఖత నాటుకొనుచున్నదో బెత్తము నెత్తుటకు ముందు ప్రతి గురువును ఒక్కక్షణము తలపోయవలెను.