జామియా ఖబరస్తాన్‌లో బ్రిగేడియర్ ఉస్మాన్: వీరుడి సమాధిని చూసుకోవాల్సింది ఎవరు?

ఢిల్లీ ఓఖ్లాలో, బట్లా హౌస్ దగ్గర జామియా మిల్లియా ఇస్లామియా యూనివర్సిటీ ఖబరస్తాన్ ఉంది. ఉర్దూ నవలా రచయిత్రి ఖుర్రతుల్ ఐన్ హైదర్‌ను 2007లో అక్కడే ఖననం చేశారు. చదువుకున్నవాళ్లు, రాసినవాళ్లు ఉన్న ఆ నేలలోనే ఒక సైనికుడి సమాధి కూడా ఉంది. అది బ్రిగేడియర్ మొహమ్మద్ ఉస్మాన్‌ది. 1947-48 కశ్మీర్ యుద్ధంలో ప్రాణాలిచ్చిన భారత సైనికాధికారుల్లో అందరికన్నా పెద్ద హోదా ఆయనదే.

ఎవరీ ఉస్మాన్?

1912 జులై 15న పుట్టారు. సొంతూరు బీబీపూర్, ఇప్పుడు ఉత్తరప్రదేశ్‌లోని మవూ జిల్లాలో ఉంది. తండ్రి పోలీసు అధికారి. ఉస్మాన్ ఇంగ్లండ్‌లోని శాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలలో శిక్షణ పొంది, బలూచ్ రెజిమెంట్‌లో చేరారు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పనిచేశారు.

1947లో దేశంతోపాటు సైన్యాన్ని కూడా పంచుకున్నారు. బలూచ్ రెజిమెంట్ పాకిస్తాన్ వాటాకు వెళ్లింది. ముస్లిం అధికారి కాబట్టి ఉస్మాన్ కూడా వెళ్తారనే చాలామంది అనుకున్నారు. అక్కడికి వస్తే పెద్ద పదవి ఇస్తామని ఆశ పెట్టారని కూడా చెబుతారు. ఆయన వెళ్లలేదు. ఇండియాలోనే ఉండి డోగ్రా రెజిమెంట్‌కు మారారు.

ఝంగర్, నౌషేరా

1947 డిసెంబర్ 25న జమ్మూ ప్రాంతంలోని ఝంగర్ మన చేజారింది. 50 పారాచూట్ బ్రిగేడ్ అప్పుడు ఉస్మాన్ చేతిలో ఉంది. ఝంగర్ తిరిగి దక్కేదాకా మంచం మీద పడుకోనని ఆయన ఒట్టు పెట్టుకున్నారు. ఆ కొండ చలిలో కింద చాప పరుచుకుని పడుకునేవారు. 1948 ఫిబ్రవరి 6న నౌషేరా మీదికొచ్చిన పెద్ద దాడిని ఆయన బ్రిగేడ్ తిప్పికొట్టింది. 'నౌషేరా కా షేర్' అనే పేరు అలా వచ్చింది. మార్చిలో ఝంగర్ మళ్లీ మన చేతికొచ్చింది. అప్పుడుగానీ ఆయన మంచం ఎక్కలేదు.

1948 జులై 3న ఝంగర్‌లోనే ఒక ఫిరంగి గుండు ఆయనకు దగ్గరగా పడి పేలింది. ఆయన అక్కడే షహీద్ అయ్యారు. ఇంకో 12 రోజులుంటే 36 ఏళ్లు నిండేవి. ఢిల్లీలో సైనిక లాంఛనాలతో జరిగిన అంత్యక్రియలకు ప్రధాని నెహ్రూ, మంత్రులు వచ్చారు. తర్వాత మహావీర చక్ర ప్రకటించారు. ఝంగర్‌లో ఆయన పడిపోయిన చోట సైన్యం స్మారకం కట్టింది.

సమాధి దెబ్బతిన్నప్పుడు

2020 డిసెంబర్‌లో ఆ సమాధి పగిలిపోయి ఉన్న ఫొటోలు బయటికొచ్చాయి. చాలామంది బాధపడ్డారు, ప్రశ్నించారు. తర్వాత సైన్యమే ముందుకొచ్చి బాగుచేయించింది.

అంత పెద్ద మనిషి సమాధి ఆ స్థితికి ఎందుకొచ్చింది? మన ఖబరస్తాన్లలో మామూలుగా నేల కమిటీదో, సంస్థదో అవుతుంది. సమాధి బాగోగులు మాత్రం కుటుంబం చూసుకోవాలి. ఉస్మాన్ పెళ్లి చేసుకోలేదు. జీతంలో చాలావరకు పేద పిల్లల చదువుకే ఇచ్చేవారంటారు. కొడుకులు, మనవళ్లు లేని మనిషి సమాధికి కాపలా ఎవరు?

ప్రపంచ యుద్ధాల్లో పోయినవాళ్ల సంగతి వేరు. వాళ్ల సమాధులను కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ చూసుకుంటుంది. రెండో ప్రపంచ యుద్ధం కింద ఆ సంస్థ లెక్కలోకి తీసుకునేది 1947 డిసెంబర్ 31 వరకు జరిగిన మరణాలనే. ఉస్మాన్ పోయింది ఆ తర్వాత ఆరు నెలలకు, స్వతంత్ర భారతం తరఫున. ఆయన సమాధి ఆ పద్దులోకి రాదు.

వోకింగ్ నేర్పేది

ఇంగ్లండ్‌లోని వోకింగ్‌లో షాజహాన్ మసీదు ఉంది. మొదటి ప్రపంచ యుద్ధంలో గాయపడి అక్కడి ఆసుపత్రుల్లో చనిపోయిన మన ముస్లిం సైనికుల కోసం ఆ మసీదుకు దగ్గరలోనే గుమ్మటంతో, గోడతో ఒక ఖబరస్తాన్ కట్టారు. పని 1917లో పూర్తయింది. కాలం గడిచాక ఆకతాయిలు దాన్ని పాడుచేశారు. దాంతో 1968లో సమాధులను బ్రూక్‌వుడ్ సైనిక శ్మశానానికి మార్చారు. పాత ఖబరస్తాన్‌ను బాగుచేసి, 2015లో శాంతి వనంగా తెరిచారు. అంటే ప్రభుత్వం కట్టినదైనా, కనిపెట్టుకుని ఉండేవాళ్లు లేకపోతే నిలవదు.

మనం చేయగలిగింది

మీ తాతగానీ ముత్తాతగానీ ప్రపంచ యుద్ధాల్లో చనిపోయి ఉంటే, కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు, రెజిమెంట్ కొట్టి వెతకొచ్చు. సమాధి ఎక్కడుందో, సమాధి లేకపోతే ఏ స్మారకం మీద పేరు చెక్కారో తెలుస్తుంది. ఇంగ్లిష్‌లో మన పేర్ల స్పెల్లింగ్ రకరకాలుగా ఉంటుంది కాబట్టి నాలుగైదు విధాలుగా ప్రయత్నించండి.

మీ ఊరి ఖబరస్తాన్‌లో మాజీ సైనికుల సమాధులుంటే పేరు, ర్యాంకు, రెజిమెంట్, చనిపోయిన తేదీ కమిటీ రిజిస్టర్‌లో రాయించండి. పెద్ద కట్టడం అక్కర్లేదు, ఒక చిన్న రాయి, చదవగలిగే అక్షరాలు చాలు. ఢిల్లీలో చదువుకుంటున్న మన పిల్లలు జామియా వైపు వెళ్తే, ఒకసారి ఆ ఖబరస్తాన్‌లో ఆగి ఫాతిహా చదవండి. సమాధి ఎలా ఉందో కూడా చూసి రండి.