ఘటోత్కచుడి టిఫిన్

2024 అక్టోబర్ 2 పెత్రమాస, అంటే మహాలయ అమావాస్య. మర్నాడు పొద్దున ఫిల్మ్‌నగర్‌లో మా అక్కావాళ్ళ సందు చివర, మూడు దారులు కలిసేచోట, రాత్రి ఎవరో దిష్టి తీసి పారేసినవి పడున్నాయి. కోసిన నిమ్మకాయలు, ఉప్పు, కుంకుమ పూసిన కోడిగుడ్డు. స్కూలు బస్సు కోసం పరుగెత్తుతున్న అక్క కొడుకు, ఆరేళ్ళవాడి కాలు సరిగ్గా ఆ గుడ్డు మీదే పడింది.

టప్పుమన్న చప్పుడు. బూటు మీద పచ్చసొన, అందులో ఎర్రగా కుంకుమ.

"అయ్యయ్యో, తొక్కేశావా!" గేటు దగ్గరున్న నాయనమ్మ కేక పెట్టింది. వాణ్ణి గుమ్మం బయటే నిలబెట్టి కాళ్ళమీద చెంబుడు నీళ్ళు పోసింది. బూటు విప్పించింది. గుప్పెడు ఉప్పుతో మూడుసార్లు దిగదుడిచింది. ప్రేమతో చేసిందే అదంతా. పిల్లవాడికి మాత్రం ఒక్కటే అర్థమైంది: గుడ్డులో ఏదో ఉంది, అది తనకు అంటుకుంది.

ఆరోజు నుంచి వాడు గుడ్డు ముట్టలేదు. వాళ్ళక్కకి ఆమ్లెట్ వేస్తుంటే వంటింట్లోంచి లేచిపోయేవాడు. రాత్రి లైటు ఆర్పనిచ్చేవాడు కాదు. ఇలా మూడు వారాలు గడిచాక మా అక్క నాకు ఫోన్ చేసింది.

అదే వారంలో వాళ్ళ పెద్దపిల్ల ఇంకో కబురు తెచ్చింది. జూబ్లీహిల్స్‌లో స్నేహితురాలి అపార్ట్‌మెంట్‌లో హాలోవీన్ చేస్తారట, అందరూ దయ్యాల వేషాలు వేసుకుంటారట. "మనమూ దయ్యాల టిఫిన్ చేద్దాం పిన్నీ! గుడ్లతో కళ్ళు, సాలెగూళ్ళు!" అంది. చిన్నోడు సోఫా వెనక్కి వెళ్ళి దాక్కున్నాడు.

నాకు అదే సరైన దారి అనిపించింది. భయపెట్టే గుడ్డును వాడి చేతులతోనే చేయించాలి, ఆ తర్వాత తినిపించాలి. కానీ క్యాలెండర్ ఒప్పుకోలేదు. ఆ ఏడు హాలోవీన్, దీపావళి రెండూ అక్టోబర్ 31నే పడ్డాయి. తెల్లవారుజామున నరకచతుర్దశి తలంటు, సాయంత్రం లక్ష్మీపూజ. ఆరోజు ఇంట్లో గుడ్డు అన్న మాటే ఎత్తకూడదు. శుక్రవారం సాయంత్రం దాకా అమావాస్య ఘడియలు. శనివారం, నవంబర్ 2, కార్తీకమాసం మొదలు. ఇక నెల్లాళ్ళు ఆ వంటింట్లోకి గుడ్డు రాదు. మిగిలింది బుధవారం పొద్దుటి టిఫిన్ ఒక్కటే.

మంగళవారం సాయంత్రం నేను వెళ్ళేసరికి అత్తయ్యగారు, అంటే అక్క అత్తగారు, హాల్లో గట్టిగానే అంటున్నారు.

"పండగ ముందు ఇంట్లో దయ్యాలేమిటే? పైగా గుడ్లకి రంగులా? ఎర్రరంగు పూసిన గుడ్డు ఎవరైనా తింటారా? అది పారేసేది!"

"దయ్యాలు కాదు అత్తయ్యా, ఆటకి..." అక్క నసిగింది.

బావగారు సినిమాల ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌లో పనిచేస్తారు. ఆయన తల్లితో వాదం పెట్టుకోలేదు. టీవీలో 'మాయాబజార్' పెట్టారు, నలుపు తెలుపుల్లో ఉన్న అసలుదే.

మేమెవరం చెప్పలేనిది ఆ సినిమా చెప్పింది. విజయావారి చిత్రం, కె.వి.రెడ్డి దర్శకత్వం, 1957 మార్చి 27న విడుదలైంది. తెనాలిలో తండ్రి పక్కన కూర్చుని చూసినప్పుడు అత్తయ్యగారికి ఏడేళ్ళు. పెళ్ళై మద్రాసు వెళ్ళాక, అక్క మామగారు సెట్ల పనిచేసే రోజుల్లో, ఆ సినిమా పుట్టిన వాహినీ స్టూడియో ముందు నుంచి వెళ్ళినప్పుడల్లా తల తిప్పి చూసేవారట. సినిమా పరిశ్రమతో పాటు ఈ ఫిల్మ్‌నగర్ గుట్టల మీదికి వచ్చిన కుటుంబాల్లో వాళ్ళదీ ఒకటి.

విందు ఘట్టం వచ్చింది. ఘటోత్కచుడిగా ఎస్.వి.రంగారావు పెళ్ళివారి వంటశాలలో ఒంటరిగా కూర్చున్నాడు. పళ్ళాలు వాటంతటవే జరుగుతున్నాయి. లడ్డూలు గాల్లోకి లేచి తిన్నగా ఆయన నోట్లోకి పోతున్నాయి. పాటలో మాధవపెద్ది సత్యం గొంతు, పింగళి నాగేంద్రరావు మాటలు. చిన్నోడు సోఫా వెనకనుంచి తల బయటపెట్టాడు. తర్వాత ముందుకొచ్చి కింద కూర్చున్నాడు.

"లడ్డూలకి ఆయన్ని చూస్తే భయం లేదా?"

"భయమెందుకురా? వాడు మనవాడే. భీముడి కొడుకు" అంది నాయనమ్మ.

"రాక్షసుడు కదా?"

"రాక్షసుడే. మనవాడే."

బావగారు కెమెరా పనితనం చెప్పడం మొదలుపెట్టారు. కంటికానని సన్నటి తీగలు, కెమెరా ఆపి మళ్ళీ తిప్పడం, ఒకే ఫిల్ము మీద రెండుసార్లు బొమ్మ పట్టడం, ఇవీ ఆ కాలపు పనిముట్లు. వాటితోనే మార్కస్ బార్ట్‌లీ కెమెరా వెనకనుంచి ఇంత మాయ చేశాడు. 2010లో ఈ సినిమాకి రంగులద్ది మళ్ళీ విడుదల చేశారు; నాకైతే ఈ విందు నలుపు తెలుపుల్లోనే బాగుంటుంది. ఇంకో సంగతి చెప్పాలి. అంత పెద్ద రాక్షసుడి విందులో ఉన్నవి గారెలు, బూరెలు, లడ్డూలు, అప్పడాలు, పులిహోర, దప్పళం, పాయసం. మాంసం ముక్క లేదు, గుడ్డు లేదు. మన పెళ్ళి భోజనమే పెట్టారు రాక్షసుడికి. పిల్లలు ఆయన్ని చూసి నవ్వడానికి అదీ ఒక కారణమే అనుకుంటాను.

సినిమా అయ్యాక అత్తయ్యగారే తీర్పు చెప్పారు. "దయ్యాలొద్దు. ఘటోత్కచుణ్ణి చెయ్యండి. ఎరుపు మాత్రం ఇంట్లోకి తేకండి."

"బార్ట్‌లీకి మాత్రం ఎరుపు ఎక్కడుందమ్మా?" అని బావగారు చొక్కా చేతులు మడిచారు.

ఆ రాత్రి సాలెగూళ్ళు తయారయ్యాయి. గుడ్లు ఉడకబెట్టి, పెంకు తీయకుండా చెంచా వెనకవైపుతో చిన్నగా కొట్టి పగుళ్ళు తెప్పించాం. చిక్కటి టీ డికాక్షన్‌లో ఉప్పు, దాల్చినచెక్క, అనాసపువ్వు వేసి, అందులో గుడ్లను ఇంకాసేపు మరిగించి, చల్లారాక గిన్నెతో సహా ఫ్రిజ్‌లో పెట్టాం. చైనాలో వీధి బళ్ళమీద అమ్మే టీ గుడ్లు ఇవే. పగుళ్ళలోంచి డికాక్షన్ లోపలికి ఇంకి, తెల్లసొన మీద గోధుమరంగు గీతలు అల్లుకుంటాయి.

కళ్ళకోసం మామూలు వంటకు పనికిరాని పని చేశాం. గుడ్లను ఇరవై నిమిషాలకు పైగా ఉడికించి, చన్నీళ్ళలో వెయ్యకుండా వేడినీళ్ళలోనే వదిలేశాం. అలా ఎక్కువ ఉడికితే తెల్లసొనలోని గంధకం, పచ్చసొనలోని ఇనుము కలిసి సొన చుట్టూ బూడిదాకుపచ్చ వలయం కడుతుంది. వంటవాళ్ళకు అది తప్పు. మాకు అదే కావాలి. అడ్డంగా కోసి, మధ్యలో మిరియం గుచ్చితే రాక్షసుడి కన్ను.

బుధవారం పొద్దున ఆరింటికి పెద్దపిల్ల వంటింట్లో సిద్ధం. చిన్నోడు గుమ్మంలో నిలబడ్డాడు, లోపలికి రాడు. నేను ఊదారంగు క్యాబేజీ తరిగి ఉడికించిన నీళ్ళు గిన్నెలో పోశాను. ఇంకో గిన్నెలో పచ్చసొన తీసేసిన తెల్లసొన.

"ఈ ఊదా నీళ్ళు అందులో పోస్తే ఏమవుతుంది?" అని వాణ్ణే అడిగాను.

"ఊదా అవుతుంది."

"వచ్చి పోసి చూడు."

రెండడుగులు వేశాడు. చెంచాతో పోసి తిప్పాడు. వాడి కళ్ళముందే ఊదా పోయి నీలి ఆకుపచ్చ తేలింది. ఆ క్యాబేజీ రంగు నిమ్మరసం పడితే ఎర్రబడుతుంది, క్షారగుణం తగిలితే పచ్చబడుతుంది. మనం తినేవాటిలో క్షారగుణం ఉన్నవి బహుకొద్ది, తెల్లసొన అందులో ఒకటి.

"నాన్నా! తీగ లేదు, కెమెరా ఆపలేదు!" అని అరిచాడు వాడు. ఆ తర్వాత గిన్నె ఇంకొకరికి ఇవ్వలేదు.

అట్లపెనం మీద ఆ పచ్చటి సొన పరిచి, మీద పచ్చసొన గిలక్కొట్టి పోస్తే పెద్ద మొహం వచ్చింది. బావగారు కాగితం కత్తిరించి మీసాలకీ కనుబొమలకీ అచ్చులు చేశారు; వాటిమీదుగా నల్ల నువ్వుల పొడి చల్లారు. ఉడికిన ములక్కాడ ముక్కకి టీ గుడ్డు గుచ్చితే గద అవుతుంది. కానీ గుడ్డుకి పెంకు తియ్యాలి.

వాడు చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. పగుళ్ళు పడిన గుడ్డది.

అత్తయ్యగారు వచ్చి పక్కన పీట వేసుకుని కూర్చున్నారు. గుడ్డు తీసుకుని సగం పెంకు వొలిచారు. కింద సాలెగూడు కనిపించింది.

"ఆవేళ నేనే అరిచి నిన్ను హడలగొట్టాను నాన్నా. కాలు జారతావేమోనని, మురికి అంటుతుందేమోనని, ఏదో పెద్దల నమ్మకమని... అన్నీ కలిపి అరిచేశాను. గుడ్డేం చేస్తుంది పాపం. మిగతాది నువ్వు తియ్యి."

వాడు గోటితో ఒక ముక్క తీశాడు. ఇంకో ముక్క. పూర్తయ్యాక గుడ్డును తిప్పి తిప్పి చూసి, ములక్కాడకి గుచ్చి, గద ఎత్తి తొడ చరిచాడు. ఇల్లంతా నవ్వులే.

దిష్టి తీయడాన్ని నేను తీసిపారెయ్యను. పిల్లల మీద పెద్దలకున్న దిగులుకు అదొక రూపం. కానీ వాళ్ళ కళ్ళముందు అలాంటి పని చేసినప్పుడు కూర్చోబెట్టి నాలుగు మాటలు చెప్పాలి. చెప్పకపోతే మిగతాది వాళ్ళే ఊహించుకుంటారు, ఆ ఊహ మన నమ్మకం కంటే ఎన్నో రెట్లు భయంకరంగా ఉంటుంది.

వాడు ముందు గద తిన్నాడు, తర్వాత ఒక కన్ను. మీసం తనకే కావాలని వాళ్ళక్కతో పోట్లాడాడు. బస్సు హారన్ వినిపించి లేస్తూ అడిగాడు.

"రేపు కూడా?"

"రేపు దీపావళి. తర్వాత కార్తీకం. డిసెంబర్ 1 దాకా లేదు" అంది నాయనమ్మ.

"అయితే డిసెంబర్ 2న. కలర్ ఘటోత్కచుడు కావాలి. ఎర్ర బట్టలు."

అందరం అత్తయ్యగారి వైపు చూశాం. ఆవిడ వాడి మూతి కొంగుతో తుడుస్తూ అన్నారు: "టమాటాలు తెప్పిస్తాలే. పద, బస్సెళ్ళిపోతుంది."