గుప్తధారణకు తొలి చేతితుపాకి ఎంపిక

గుప్తధారణ అనగా చేతితుపాకిని ఇతరులకు కనబడకుండా దుస్తుల కింద గాని, సంచిలో గాని ఉంచుకొని బహిరంగ ప్రదేశాలలో సంచరించడం. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో దీనిని కన్సీల్డ్ క్యారీ అంటారు. ఆత్మరక్షణ నిమిత్తం సాధారణ పౌరులు ఇట్లు తుపాకి ధరించడం అక్కడ చట్టబద్ధం. అయితే నిబంధనలు రాష్ట్రానికొక విధంగా ఉంటాయి. మొదటిసారి కొనేవారికి ఏ తుపాకి తగినదన్నది ఆ దేశంలో ఎడతెగని చర్చ. ఈ వ్యాసం ముఖ్యంగా ఆ ఎంపికకు సంబంధించినది.

చట్ట నేపథ్యం

వెర్మాంట్ రాష్ట్రంలో గుప్తధారణకు ఏనాడూ అనుమతిపత్రం అవసరం లేదు. చాలా రాష్ట్రాలలో మాత్రం అనుమతి ఇవ్వడం, ఇవ్వకపోవడం పూర్వం స్థానిక అధికారి ఇష్టంపై ఆధారపడి ఉండేది. 1987లో ఫ్లోరిడా చేసిన చట్టం తరువాత, అర్హతలున్న దరఖాస్తుదారుకు అనుమతి ఇచ్చి తీరవలెననే పద్ధతి వ్యాపించింది. చిట్టచివరిగా 2013లో ఇల్లినాయ్ గుప్తధారణను అనుమతించింది. ఇంటిలో చేతితుపాకి ఉంచుకోవడం వ్యక్తి హక్కు అని 2008లో హెల్లర్ కేసులోను, బయట ధరించడం కూడా ఆ హక్కులో భాగమేనని 2022లో బ్రూయెన్ కేసులోను సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. 2024 నాటికి 29 రాష్ట్రాలు అనుమతిపత్రమే లేకుండా ధరించనిస్తున్నాయి.

ఒక రాష్ట్రపు అనుమతి మరొక రాష్ట్రంలో చెల్లుతుందని అనుకోరాదు. కాలిఫోర్నియా, న్యూయార్క్, న్యూజెర్సీ ఇతర రాష్ట్రాల అనుమతులను గుర్తించవు. పొరుగు రాష్ట్రంలో నిత్యం చేసిన పనే సరిహద్దు దాటగానే నేరమై, జైలుపాలైనవారు ఉన్నారు.

ఎవరు కొనరాదు

తుపాకి రకం గురించి ఆలోచించడానికి ముందే తేల్చుకోవలసిన విషయం ఇది. నేరస్థులు, గృహహింస కేసులలో శిక్షపడినవారు మొదలైనవారిపై సమాఖ్య చట్టం నిషేధం విధించింది. లైసెన్సుగల వర్తకులు 21 సంవత్సరాలు నిండనివారికి చేతితుపాకులు అమ్మరాదు. అమ్మకానికి ముందు కొనుగోలుదారు పూర్వచరిత్రను పరిశీలించే జాతీయ వ్యవస్థ 1998 నుండి పనిచేస్తున్నది.

అమెరికాలోని తెలుగువారు ప్రత్యేకంగా గమనించదగిన నిషేధం మరొకటి కలదు. తాత్కాలిక వీసాపై ప్రవేశించినవారు, అనగా ఎఫ్-1 వీసాపై చదువుకొనే విద్యార్థులు, హెచ్-1బి వీసాపై పనిచేసే ఉద్యోగులు మొదలైనవారు, సామాన్యంగా తుపాకిని గాని తూటాలను గాని కలిగి ఉండరాదు. చెల్లుబాటులో ఉన్న వేట లైసెన్సు కలిగి ఉండడం వంటి కొద్దిపాటి మినహాయింపులు మాత్రమే ఉన్నాయి. మినహాయింపు లేనివారు కాల్పుల అభ్యాసశాలలో అద్దె తుపాకి చేతబట్టడం కూడా ఈ నిషేధం కిందికే వస్తుంది. వేట లైసెన్సు ఉన్నంత మాత్రాన గుప్తధారణకు రాష్ట్రం అనుమతి ఇచ్చినట్లు కాదు. ఉల్లంఘనకు 15 సంవత్సరాల వరకు కారాగారశిక్ష పడవచ్చు. దేశబహిష్కరణ ముప్పు సరేసరి. శాశ్వత నివాసపత్రం, అనగా గ్రీన్ కార్డు, ఉన్నవారికి ఈ నిషేధం వర్తించదు. అర్హత లేని మిత్రుని కొరకు అర్హత ఉన్నవాడు తన పేరిట కొనిపెట్టడం కూడా నేరమే. స్నేహధర్మంగా భావించి ఇందులో చిక్కుకొనేవారు ఈ సంగతి తెలుసుకొనవలెను.

రివాల్వరా, పిస్తోలా?

రివాల్వర్‌లో తూటాలు తిరిగే గుండ్రని దిమ్మలో ఉంటాయి. పిస్తోలులో తూటాలు పిడిలో దూర్చే మ్యాగజీనులో ఉంటాయి. పేలిన ప్రతిసారి పైభాగమైన స్లైడు వెనుకకు జరిగి, ఖాళీ గుల్లను బయటకు విసిరి, కొత్త తూటాను ఎక్కిస్తుంది. రివాల్వర్ నిర్మాణం సరళం. గుండు పేలకపోతే మీటను మరల నొక్కితే చాలు. స్మిత్ అండ్ వెసన్ కంపెనీ 642 నమూనా ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. దానిలో .38 స్పెషల్ తూటాలు ఐదు పడతాయి.

స్త్రీలకు, వృద్ధులకు చిన్న రివాల్వరే తగినదని అంగళ్ళలో చెప్పడం పరిపాటి. శిక్షకులలో అనేకులు దీనిని అంగీకరించరు, వారి వాదనలో బలమున్నది. ఇటువంటి రివాల్వర్ మీటను నొక్కడానికి సుమారు ఐదు కిలోల బలం కావాలి. గ్లాక్ వంటి పిస్తోలుకు అందులో సగం చాలు. పైగా 400 గ్రాముల తేలిక తుపాకి చేతిని గట్టిగా తంతుంది. గొట్టం పొట్టిది, గురికాయ చిన్నది. నిజానికి ఇది ఆరితేరినవారి ఆయుధం. స్లైడు లాగడానికి వేళ్ళలో బలం చాలనివారి కొరకు, సులభంగా జరిగే స్లైడుతో షీల్డ్ ఈజడ్ వంటి పిస్తోళ్ళు 2018 నుండి వచ్చాయి.

పరిమాణం

అసలు చిక్కంతా ఇక్కడ ఉన్నది. దాచడానికి అనువైనది కాల్చడానికి కష్టం, కాల్చడానికి అనువైనది దాచడానికి కష్టం. 2008లో వచ్చిన రూగర్ ఎల్‌సీపీ సుమారు 270 గ్రాములు మాత్రమే, చొక్కా జేబులో కూడా ఇముడుతుంది. కాని కొన్ని గుండ్లు కాల్చేసరికి చేయి నొప్పి పుడుతుంది; నొప్పి పుట్టించే తుపాకితో ఎవరూ అభ్యాసం చేయరు. 1988 నాటి గ్లాక్ 19 సుమారు 670 గ్రాములు, 15 తూటాలు పడతాయి. కాల్చడం సుఖం, పలుచని దుస్తుల కింద మాత్రం ఉబ్బెత్తుగా కనబడుతుంది. 2018లో విడుదలైన సిగ్ పీ365 వీటి నడుమ నిలిచింది. సుమారు 500 గ్రాముల బరువుతోనే 10 తూటాలు పట్టడం వల్ల ఇతర కంపెనీలు కూడా అదే దారి పట్టాయి.

అంకెలకన్న చేతి అమరిక ముఖ్యం. పిడిని సరిగా పట్టినప్పుడు గొట్టం ముంజేతికి సూటిగా ఉండాలి, చూపుడువేలి మొదటి కణుపు మెత్త మీటపై ఆనాలి. మ్యాగజీను విడుదల బొత్తాము పట్టు మార్చకుండా అందితే మరీ మంచిది. అభ్యాసశాలలో రెండు మూడు రకాలు అద్దెకు తీసుకొని కాల్చి చూసిన తరువాతనే కొనడం వివేకం.

తూటా

1986లో మయామీలో జరిగిన కాల్పులలో ఇద్దరు ఎఫ్‌బీఐ అధికారులు మరణించిన తరువాత ఆ సంస్థ మరింత శక్తిగల తూటాలను వెదికింది. ఆ క్రమంలో 1990లో .40 తూటా పుట్టింది. తూటాల నిర్మాణం మెరుగుపడడంతో అదే సంస్థ మరల 9 మి.మీ. వైపు మరలింది. తన్ను తక్కువ, వెల తక్కువ, ఎక్కువ తూటాలు పడతాయి. కనుక తొలి తుపాకికి నేడు ఎక్కువమంది సూచించేది ఇదే. .380 దీనికన్న బలహీనమైనా తన్ను భరించలేనివారికి పనికివస్తుంది. ఆత్మరక్షణకు కొన బోలుగా ఉండి తగలగానే విచ్చుకొనే గుండ్లు వాడతారు. దీనివలన గుండు శరీరాన్ని దూసుకొనిపోయి వెనుకనున్నవారికి తగిలే ప్రమాదం తగ్గుతుంది.

ఒర, భద్రత

తుపాకి మీద వందలకొలది డాలర్లు పోసినవారే ఒర దగ్గర పిసినారితనం చూపుతారు. ఒర మీటను పూర్తిగా కప్పాలి, గట్టిదై ఉండాలి, తుపాకి తీసిన తరువాత కూడా నోరు మూసుకుపోరాదు. మెత్తబడిన తోలు అంచు మడతపడి మీటకు తగిలి తుపాకి పేలిన సంఘటనలు ఉన్నాయి. చేతిసంచిలో ఉంచడం అన్నిటికన్న ప్రమాదకరం. 2014 డిసెంబరులో ఐడాహోలో తల్లి చేతిసంచిలోని పిస్తోలును రెండేళ్ళ బాలుడు తీయగా అది పేలి ఆమె మరణించింది.

తుపాకి ఎల్లప్పుడూ నిండి ఉన్నట్లే భావించడం, ధ్వంసం చేయదలచనిదానివైపు గురిపెట్టకపోవడం, గురి కుదిరేవరకు మీటపై వేలు ఉంచకపోవడం, లక్ష్యాన్నీ దాని వెనుకనున్నదానినీ ఎరిగి ఉండడం అనే నాలుగు నియమాలను జెఫ్ కూపర్ (1920-2006) ప్రచారం చేశాడు.

ఒంటిపై లేనప్పుడు తుపాకి తాళం వేసిన పెట్టెలో ఉండాలి. 2021లో అమెరికాలో తుపాకుల వల్ల మరణించిన 48,830 మందిలో సగానికిపైగా ఆత్మహత్య చేసుకొన్నవారే. ఇంటిలో దిగులుతో బాధపడేవారు ఉన్నప్పుడు, అసలు తుపాకి తెచ్చుకోవలెనా అన్నదే మొదటి ప్రశ్న అవుతుంది.

భారతదేశంలో

భారతదేశంలో 1959 నాటి ఆయుధ చట్టం ప్రకారం లైసెన్సు తప్పనిసరి. హైదరాబాదు వంటి నగరాలలో పోలీసు కమిషనరు దీనిని మంజూరు చేస్తారు. 9 మి.మీ. నిషిద్ధ బోరు కావడంతో పౌరులు ఎక్కువగా .32 తుపాకులనే కొంటారు. కాన్పూరు ఆయుధ కర్మాగారం స్త్రీల ఆత్మరక్షణ కొరకని 2014లో విడుదల చేసిన నిర్భీక్ రివాల్వర్ కూడా ఈ బోరుదే. దాని బరువు సుమారు 500 గ్రాములు, వెల అప్పట్లో లక్ష రూపాయలకు పైమాటే.