అంతర్జాతీయ మానవ హక్కుల న్యాయవాదం – అనంతపురం నేపథ్యం

ఐక్యరాజ్యసమితి ఒడంబడికల్లోని హక్కులను కక్షిదారుల తరఫున కోర్టుల్లో, కమిషన్ల ముందు వాదించడమే అంతర్జాతీయ మానవ హక్కుల న్యాయవాదం. పౌర, రాజకీయ హక్కుల ఒడంబడికలోనూ, ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడికలోనూ భారతదేశం 1979లో చేరింది. వ్యక్తులు నేరుగా ఐరాస మానవ హక్కుల కమిటీకి ఫిర్యాదు చేసుకునే ఐచ్ఛిక ప్రోటోకాల్‌లో మాత్రం చేరలేదు. కాబట్టి అనంతపురం కూలీ గోడు ఆ కమిటీ దాకా పోదు. ఇక్కడి కోర్టుల్లోనే తేలాలి.

అందుకే ఈ వృత్తిలోకి వచ్చే జూనియర్ ముందుగా పట్టుకోవాల్సింది ఒడంబడికను జీవించే హక్కు గురించిన రాజ్యాంగం 21వ అధికరణంతో ముడిపెట్టే పద్ధతి. లాకప్ మరణానికి పరిహారం ఇప్పించిన నీలబతి బెహరా తీర్పు (1993), పనిచేసే చోట లైంగిక వేధింపులపై విశాఖ తీర్పు (1997) ఇందుకు పాఠాలు. దేశీయ చట్టం మౌనంగా ఉన్నచోట, దానికి విరుద్ధం కానంతవరకు, ఒడంబడికను ఆధారం చేసుకోవచ్చని విశాఖ తీర్పు తేల్చింది.

కరువు సీమలో ఈ విద్య పనికొచ్చేది ఎక్కువగా కూడు, కూలి దగ్గరే. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లాలోని నార్పల మండలం బండ్లపల్లిలోనే మొదలైంది. పని అడిగిన 15 రోజుల్లో చూపకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలని 2005 నాటి చట్టం చెప్పింది. అయితే అడిగినట్టు రుజువేది? తేదీ వేసిన రసీదు. అది లేకపోతే పని హక్కు గురించి ఆర్థిక, సామాజిక, సాంస్కృతిక హక్కుల ఒడంబడిక 6వ అధికరణం ఎంత బాగా చదివినా కేసు నిలవడం కష్టం. రసీదు, జాబ్‌కార్డు, మస్టర్ రోలు, బ్యాంకు పాసుపుస్తకం పక్కపక్కన పెట్టి చూడడం లా కాలేజీ చదువుతో వచ్చేది కాదు, ఊళ్లకు వెళ్లి నేర్చుకోవాలి.

ఈ పద్ధతికి తెలుగునాట పెద్ద ఉదాహరణ కె. బాలగోపాల్ (1952–2009). అనంతపురం జిల్లాకు చెందిన సాహితీవేత్త రాళ్లపల్లి అనంతకృష్ణశర్మకు ఆయన దౌహిత్రుడు. కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం బోధించి, నిజనిర్ధారణ బృందాలతో ఏళ్ల తరబడి ఊళ్లు తిరిగాకే న్యాయవాది అయ్యారు. ఆయన వాదనకు బలం ఆ తిరుగుడే.

కూడు, కూలి దాటి ప్రాణ హక్కు దగ్గరకొస్తే, ఎన్‌కౌంటర్ మరణాలపై కేసు నమోదు చేసి దర్యాప్తు చేయాలని 2009 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తీర్పిచ్చింది. సుప్రీంకోర్టు దానిపై స్టే ఇచ్చింది. 2014లో వేరొక కేసులో దేశమంతటికీ వర్తించే మార్గదర్శకాలు జారీ చేసింది. ఇక ఒడంబడికల సంగతికొస్తే, చిత్రహింసల వ్యతిరేక ఒడంబడికపై భారతదేశం 1997లో సంతకం చేసింది గానీ ఇంతవరకు ధ్రువీకరించలేదు.