వివీ నది మీద ట్రాలీ

వంతెన ఉండాల్సిన చోట రెండు మొండి కొసలు మిగిలాయి. మధ్యలో వివీ నది, తనకేమీ తెలియనట్టు పారుతోంది. మీ తలపైన ఈ గట్టు నుంచి ఆ గట్టుకు బిగించిన ఇనుప తీగ. తీగకు కప్పీ. కప్పీకి వేలాడుతూ సూపర్‌మార్కెట్‌లో సరుకులేసుకుని తోసుకెళ్లే మామూలు ట్రాలీ. ఇవతల ఒకాయన మంచినీళ్ల సీసాల కట్ట అందులో పెట్టి చెయ్యి ఊపుతాడు. అవతల ఇద్దరు తాడు లాగుతారు. కప్పీ కిర్రుమంటుంది. ట్రాలీ ఊగుతూ నీళ్ల మీదుగా సాగిపోతుంది. అది అవతల తగిలేదాకా గట్టు మీద ఎవరూ మాట్లాడరు.

ఇది 2017 అక్టోబరు చివర. మీరున్నది ప్యూర్టోరికో దీవి కొండల్లో, ఉటువాదో పట్టణానికి చెందిన రియో అబాహో పల్లె. సెప్టెంబరు 20న తెల్లవారుతుండగా మరియా హరికేన్ ఆగ్నేయాన యబుకోవా దగ్గర తీరం దాటింది. గంటకు 250 కిలోమీటర్ల గాలి. దీవిని మూల నుంచి మూలకు కోసుకుంటూ వాయవ్యంగా సముద్రంలోకి వెళ్లిపోయింది. వెళ్తూ వెళ్తూ 30 లక్షలకు పైగా జనమున్న దీవి మొత్తానికి కరెంటు తీసేసింది. ఈ పల్లెకి వంతెన కూడా లేకుండా చేసింది. నెల గడిచినా సర్కారు ఇంకో వంతెన వెయ్యలేదు, ఊరివాళ్లే ట్రాలీ కట్టుకున్నారు. తమ గట్టుకి పేరు కూడా వాళ్లే పెట్టుకున్నారు: ‘మరిచిపోబడినవాళ్ల మకాం’. కోపం నవ్వులోకి దిగితే ఇలాంటి పేర్లు పుడతాయి.

కొండల వంక చూడండి. గాలి చెట్లకున్న ఆకునల్లా దూసేసింది. నిప్పంటుకోకుండానే కాలిపోయిన అడవిలా ఉందది. దగ్గరికెళ్తే మోళ్లకి వేలెడు చిగుళ్లు కనిపిస్తాయి. కింద కుళ్లిన అరటి బోదెల వాసన, ఎండలో వేసినా ఆరని పరుపుల వాసన, వీటన్నిటి మీదా డీజిల్ పొగ. రోడ్డు పక్క కొండ ఊటకి ఎవరో ప్లాస్టిక్ గొట్టం బిగించారు. బిందెల బదులు పెయింటు డబ్బాలు వరుస కట్టాయి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే లెప్టోస్పైరోసిస్ జ్వరాల మాట దీవంతా పాకింది. అయినా దాహం ఆగదు కదా. రాత్రిళ్లు ఇక్కడ ‘కోకీ, కోకీ’ అని అరిచే చిన్న కప్పలుంటాయి, ఆ అరుపే వాటి పేరు. తుపాను తర్వాత కొన్నాళ్లు అవీ నోరు మూసుకున్నాయని జనం చెప్పుకుంటారు.

ఈ ఊళ్లో పండగ అన్నం ‘గాందూలెస్’తో వండుతారు. ఏమిటా అని చూస్తే మన కందులే! మన దేశంలో పుట్టిన పంట, ఆఫ్రికా మీదుగా, బానిసల ఓడల కాలంలో ఈ సముద్రం దాటి వచ్చింది. ఇప్పుడు చేలో కంది లేదు, అరటి లేదు, కాఫీ లేదు. మామూలు రోజుల్లోనే దీవి తినే తిండిలో ఎనభై శాతం పైగా ఓడ దిగాల్సిందే.

మరి ఓడలు రాలేదా? వచ్చాయి. ఈ ఉదయం రాజధాని శాన్ హువాన్ రేవు దాటి వస్తుంటే మీరు చూసినవి ఆ ఓడలు దింపిన కంటెయినర్లే. మొదటి వారాల్లో అక్కడ వేల కంటెయినర్లు గుట్టలుగా పేరుకుపోయాయి. అమెరికా రేవుల మధ్య సరుకు అమెరికా జెండా ఉన్న ఓడలే మొయ్యాలన్న 1920 నాటి చట్టాన్ని పది రోజులు పక్కన పెట్టారని పేపర్లన్నీ రాశాయి. అసలు చిక్కు ఓడ దిగాక మొదలైంది. లారీ డ్రైవర్‌ని పిలవాలంటే ఫోను లేదు, సెల్ టవర్లలో 95 శాతం పడుకున్నాయి. డ్రైవర్ ఇంటి పైకప్పే ఎగిరిపోయింది. డీజిల్‌కి గంటల కొద్దీ క్యూ. ఆపైన రోడ్డు మీద కొండచరియ.

సాయం చెయ్యాల్సింది ఫీమా, అంటే అమెరికా కేంద్ర ప్రభుత్వ విపత్తు సంస్థ. ఇక్కడివాళ్లు 1917 నుంచి అమెరికా పౌరులే, దీవిలో ఉన్నంతకాలం అధ్యక్షుడికి ఓటు మాత్రం వెయ్యలేరు. ఆ సంస్థకి దీవిలో గిడ్డంగి ఉంది. రెండు వారాల ముందే ఇర్మా హరికేన్ వచ్చి పక్క దీవుల్ని కొట్టడంతో అందులో సరుకు చాలావరకు అటే తరలిపోయింది. సిబ్బందికీ సరుక్కీ కటకటే అని మరుసటేడు జులైలో ఫీమా తన నివేదికలో తానే ఒప్పుకుంది. ఇంకోటి వినండి. మూడు కోట్ల భోజనాలు సరఫరా చేసే కాంట్రాక్టు, 15 కోట్ల డాలర్ల పైచిలుకుది, ఒకే ఒక్క మనిషి నడిపే కంపెనీకి ఇచ్చారు. చేరినవి 50 వేలు. కాంట్రాక్టు రద్దయింది. పెళ్లి వంటకి కూడా మనం వంటవాడి చేతికింద ఎంతమంది ఉన్నారో అడుగుతాం.

ట్రాలీ మళ్లీ కదిలింది. ఈసారి బియ్యం సంచీ, దాని పక్కన ఐసు డబ్బాలో ఇన్సులిన్.

అవతలి గట్టు పైన ఒక ఇంటిమీద నీలం పట్టా కనిపిస్తోంది చూశారా? తోల్దో అంటారు ఇక్కడ. సైనిక ఇంజనీర్లు దాదాపు 60 వేల ఇళ్లకి ఈ నీలం ప్లాస్టిక్ కప్పారు. విమానంలోంచి చూసేవాళ్లకి దీవి మీద నీలం చుక్కలు పెట్టినట్టుంటుంది. పట్టా బిగించడానికి కింద వాసాలు నిలిచి ఉండాలి. ఇల్లు పూర్తిగా పోయినవాడికి పట్టా రాదు. అతనికి వేరే దరఖాస్తు.

ఆ దరఖాస్తు దగ్గరే ఎక్కువమంది ఆగిపోయారు. ఫోన్లోనో ఇంటర్నెట్‌లోనో పెట్టుకోవాలి, రెండూ లేవు. ఎలాగో పెట్టుకుంటే, ఈ ఇల్లు నీదేనని రుజువేదీ అన్నారు. తాత చెక్క ముక్కలతో కట్టాడు, నాన్న సిమెంటు గోడ లేపాడు, కూతురు వెనక గది వేసుకుంది. రిజిస్ట్రేషన్ మాట ఎవరికీ తోచలేదు. కాగితం లేని ఇల్లు మన ఊళ్లలోనూ కొత్త కాదు కాబట్టి మీకు విడమరిచి చెప్పనక్కర్లేదు. ఇల్లు తమదేనని సొంతంగా ప్రమాణం చేసి సంతకం పెట్టే ఫారం ఒకటి రావడానికి 2018 ఆగస్టు దాకా పట్టింది. అది కూడా న్యాయవాద సంఘాలు పోరితేనే.

ఆ ఆగస్టులోనే చావుల లెక్క మారింది. 64 అన్న సర్కారు అంకె 2,975 అయింది. తుపాను నాటికి బతికుండి, కరెంటు లేక, మందు లేక, దారి లేక తర్వాతి నెలల్లో పోయినవాళ్లు ఆ తేడాలో చాలామంది. 2020 జనవరిలో భూకంపాలు వచ్చినప్పుడు పోన్సే ఊళ్లో ఒక గిడ్డంగి తలుపు తెరుచుకుంది. లోపల, మరియా నాటివని చెప్పుకున్న, పంచని నీళ్ల సీసాలు, మంచాలు, పట్టాలు. జనం తామే మోసుకుపోయారు. గవర్నర్ ఆ రోజే విపత్తు నిర్వహణ అధికారిని తీసేశారు.

ఈ గట్టు మీద నిలబడ్డ మీకు అవేవీ ఇంకా తెలియవు. తాడు చేతికి ఒరుసుకుని వేడెక్కుతోంది. అవతల్నుంచి ఒక ముసలామె ఏదో కేకేస్తోంది, నది హోరులో సగమే వినిపిస్తుంది. ట్రాలీ ఇటు తిరిగింది. అందులో ఖాళీ సీసాలు, వాటి అడుగున నాలుగు మడతలు పెట్టిన కాగితం. ఈ ఇల్లు ఈమెదేనని ఇరుగుపొరుగు పెట్టిన సంతకాలు. గాలికి ఎగిరిపోకుండా దాని మీద ఒక రాయి. రాయి తీసి పక్కన పెట్టి, కాగితం చొక్కా జేబులో వేసుకుని, ఇవతలాయన ఇంకో నీళ్ల కట్ట ఎత్తుతాడు.

“లాగండి” అంటాడు.